చంకలో ట్యూబు

“మళ్లీ రక్తమా?” అంది పూలకొట్టు అమ్మాయి. “మొన్న తీశారు, నిన్న తీశారు. అమ్ముకుంటున్నారా ఏంటి?”

ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే అతన్ని అందరూ సూదిబాబు అంటారు. నరం దొరకబుచ్చుకోవడంలో దిట్ట. మాట దొరకబుచ్చుకోవడంలోనే సున్నా.

“మెషీన్ తికమకపడుతోందండీ. మీ ఎర్రకణాలు సగం కూడా లేవంటోంది. అంత తక్కువుంటే మీరు నన్నిలా తిట్టలేరు.”

“రక్తం ఒక సాకు, అసలు సంగతి వేరే అంటోంది మా అక్క.”

సూదిబాబు చెవులు ఎర్రబడ్డాయి. అది అబద్ధమని ఒట్టు పెట్టగలడా అంటే, అదీ లేదు. మళ్లీ రమ్మని మొదటి ఫోన్ మెషీన్ కోసమే చేశాడు. రెండోది చేసేముందు తల దువ్వుకున్నాడు. ఫోన్లో తల కనబడదని తర్వాత గుర్తొచ్చింది.

ఆమె చెయ్యి చాపింది. వేళ్ల కొనలు నీలంగా ఉన్నాయి.

“ఇలా ఎన్నాళ్లనుంచి?”

“పూలు దాచే చల్లగదిలోకి వెళ్లినప్పుడల్లా ఇంతే. ఏడాదిగా ఐరన్ మాత్రలు మింగుతున్నా, నీరసం తగ్గదు.”

చల్లదనం! ల్యాబు ఏసీలో ట్యూబు చల్లబడి కణాలు అతుక్కుపోతున్నాయేమో, మెషీన్ ఆ గుంపును ఒకే కణంగా లెక్కపెడుతోందేమో. ఈపాటి ఊహకు మూడు రోజులు పట్టిన బుర్రను తిట్టుకుంటూ, కొత్తగా తీసిన ట్యూబును చల్లారకుండా చంకలో పెట్టుకుని, రెక్క విరిగిన కోడిలా ల్యాబుకు పరుగెత్తాడు.

వెనక నవ్వు వినబడింది.

ట్యూబును గోరువెచ్చని నీళ్లలో ఉంచి లెక్కిస్తే అంకెలు కుదిరాయి. రక్తం తక్కువే, అయితే మరీ అంత కాదు. మరో పరీక్ష చేయించి డాక్టరమ్మ ఖాయం చేసింది. అరుదైన జబ్బు. చలి తగిలితే ఒంట్లోని రక్షణ పదార్థమే ఎర్రకణాలను పట్టుకుని నాశనం చేస్తుంది. చల్లగది మానాలి. వారానికొకటి చొప్పున నాలుగుసార్లు సెలైన్లో మందెక్కించాలి, అదీ పెద్దాసుపత్రిలో.

అంటే ఇక ఇక్కడికి రాదు. తను కనిపెట్టిన జబ్బే ఆమెను తీసుకుపోతోంది. కాస్త తెలివితక్కువవాణ్ణయితే ఇంకో వారం వచ్చేది కదా అనుకుని, వెంటనే సిగ్గుపడ్డాడు.

“ఇక మీరు రానక్కర్లేదండీ,” అన్నాడు కాగితాలందిస్తూ.

“పొమ్మనడానికి మాత్రం మాటలొస్తాయి.” ఆమె ఉన్ని గ్లవుజు విప్పింది. “చేతులు వెచ్చగా ఉంచుకోమంది డాక్టరమ్మ. మీ చంకలో చోటు ట్యూబులకేనా?”

“చంక బాగోదండీ. చెయ్యి... ఉంది.”

ఎలా అన్నాడో అతనికే తెలీదు. ఆ చల్లటి వేళ్లను రెండు అరచేతుల్లో మూశాడు. నీలం ఎంతసేపటికి పోతుందో చూద్దామని, అలవాటు కొద్దీ గోడగడియారం వైపు చూశాడు.

“టైమ్ చూస్తున్నారా?”

“రిపోర్టులో రాయాలి కదండీ.”

“ఏమని?”

“శాంపుల్ మళ్లీ కావాలని.”