గొడుగు తెరిచిన పాపం

"ఎలా ఉంది?" అంది వడ్రంగి మేస్త్రి కూతురు, తను చేసిన కుర్చీ చూపిస్తూ.

కొత్తగా పాలిష్ పనికి చేరిన కుర్రాడు అందులో కూర్చున్నాడు. కుర్చీ అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. దాంతోపాటే ఒరుగుతూ, "అద్భుతమండీ!" అన్నాడు.

"ఒక కాలు పొట్టి. తెలియట్లేదా?"

"తెలుస్తోందండీ."

"మరి అద్భుతమేంటి?"

"మీరు చేశారు కదండీ!"

ఆమెకు ఒళ్ళు మండింది. "వెటకారమా?"

వెటకారమన్నది పాపం అతని వంశంలోనే లేదు. పుట్టి పెరిగిందంతా పెద్దాయన అనే ఓ గురువుగారి సంఘంలో. పెద్దాయన చేసినదాంట్లో లోపం కనబడితే, ఆ లోపం కంటిదని అక్కడి సిద్ధాంతం. ఆ కంటిని ఉప్పునీళ్ళతో కడిగేవారు. పెద్దాయన జోకేస్తే అందరూ నవ్వాలి. ముందు ఆపినవాడికి భక్తి తక్కువని లెక్క కాబట్టి ఎవరూ ఆపేవారు కాదు. అవతల భోజనాలు చల్లారిపోయేవి.

ఒకరోజు సభ మధ్యలో కుండపోతగా వాన. "ఇది వాన కాదు, మీ భ్రమ" అన్నారు పెద్దాయన, షామియానా కింద కూర్చుని. జనం తడిసి ముద్దవుతూనే తలలూపారు. పక్కన అమ్మ చలికి వణికిపోతోంది. ఇతను గొడుగు తెరిచి ఆమెకు పట్టాడు.

అంతే. సాయంత్రానికల్లా అమ్మకు జ్వరం, ఇతనికి వెలి. కొడుకుతో మాట్లాడొద్దని అమ్మకు ఆజ్ఞ. అమ్మ మాట్లాడలేదు.

ఇదంతా విన్నాక మేస్త్రి కూతురికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు మింగేసి, "ఇవాళ మా ఇంట్లో భోంచెయ్. మావాళ్ళని కూడా చూద్దువుగాని" అంది.

చూశాడు.

"కూరలో ఉప్పు లేదు" అన్నాడు మేస్త్రి.

"మీ నాలుకకే రుచి చచ్చింది" అంది ఆయన భార్య.

"ఇద్దరికీ బుద్ధి లేదు" అంది నాయనమ్మ.

గొంతులు లేచాయి. అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇప్పుడు వీళ్ళలో ఎవర్ని వెలేస్తారండీ?" అని గుసగుసగా అడిగాడు.

"ఎవర్నీ వెయ్యం. పెరుగు వేసుకుంటాం" అందామె.

అప్పట్నించి రోజూ అక్కడే భోజనం. నెమ్మదిగా నోరు విడింది. "ఈ బల్ల కొంచెం వంకరండీ" అన్నరోజు ఆమె ఎంత మురిసిపోయిందంటే, అతను పాలిష్ వేసిన చోటే మళ్ళీ మళ్ళీ వేస్తూ నిలబడిపోయాడు.

ఒక మధ్యాహ్నం సంఘంలో అందరూ అన్నయ్యలని పిలిచే తెల్లబట్టలవాళ్ళిద్దరు దుకాణానికి వచ్చారు. మధ్యలో అమ్మ.

"ఆరోజు వాన పడలేదని ఒక్క మాట అను. అమ్మ నీతో మాట్లాడుతుంది" అన్నారు, తేనె పూసిన గొంతుతో.

అతను అమ్మ వైపు చూశాడు. చిక్కిపోయింది. ఒక్క మాటే కదా, అనేస్తే పోలా?

"పడిందమ్మా. నీకు జ్వరం కూడా వచ్చింది" అన్నాడు.

అమ్మ పెదవి కదిలింది. మాట బయటికి రాకముందే అన్నయ్యలు ఆమెను తీసుకెళ్ళిపోయారు.

అతను రంపపుపొట్టులో కూలబడి ఏడ్చాడు. మేస్త్రి కూతురు వచ్చి పక్కనే కూర్చుంది, నోరు మెదపకుండా. అది ఆమెకెంత కష్టమో దుకాణంలో అందరికీ తెలుసు. చివరికి ఇక ఆపుకోలేక, "నువ్వంటే నాకిష్టం. ఇది ఓదార్పు కాదు" అంది.

అతను ముక్కు తుడుచుకుని, "నాక్కూడా. ఇది భక్తి కాదు" అన్నాడు.

కబురు ఇంట్లో తెలియగానే మేస్త్రి తొడ చరిచాడు. "వచ్చే నెలలోనే పెళ్ళి! తిరుగులేదు!"

"వద్దండీ."

అందరూ తినడం ఆపేశారు. అన్నందుకు అతనే అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు. "అమ్మకోసం ఇంకొన్నాళ్ళు చూద్దాం. రాకపోవచ్చు. అయినా ఆగుదాం" అన్నాడు.

మేస్త్రి మొహం ఎర్రబడింది. పాత అలవాటు కొద్దీ అతను బయటికి పోవడానికి లేచాడు.

"ఎక్కడికి? కూర్చో! గొడవ ఇప్పుడేగా మొదలైంది!" అని గద్దించాడు మేస్త్రి. "ఆర్నెల్లు. అంతకంటే ఆగను."

"ఏడాదైనా ఆగాల్సిందే. తల్లండీ ఆవిడ!" అంది భార్య.

"ఏడాదా? నేను పోయాక చేస్తారా?" అంది నాయనమ్మ.

"పెళ్ళికూతుర్ని నేను! నన్నెవరూ అడగరేం?" అంది మేస్త్రి కూతురు.

నలుగురూ ఒకేసారి అరుస్తున్నారు. అతను కాసేపు అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకుని, అందరికంటే గట్టిగా అరిచాడు.

"ముందు నా మాట వినండి!"