రెండు వందల ఎనభై ఆరు

పొద్దున ఏడింటికి అనురాధ కోరుట్లలో పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే సిరిసిల్ల నుంచి ఫోటో వచ్చింది. తండ్రి వెంకటేశం రోజూ పంపే షుగర్ మిషన్ ఫోటో. పరగడుపున రెండు వందల ఎనభై ఆరు! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

నాలుగు నెలల కింద ఆ మిషన్ కొనిచ్చింది ఆమె. వారం వారం వీడియో కాల్‌లో డాక్టర్ కృపారాణితో మాట్లాడేదీ ఆమే. అంకె దిగడం లేదని డాక్టర్ పోయిన ఆదివారమే గోలీల మోతాదు పెంచింది. అయినా ఇదా? బాపు దొంగచాటుగా మిఠాయిలు బుక్కుతున్నాడు, ఇంకేముంది! ఇవాళ అటో ఇటో తేల్చాలని బస్సెక్కింది.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి వాకిట్లో ఆటో ఆగి ఉంది. సాంచాల షెడ్డులో తను నడిపే మరమగ్గం ముందే కూలిపోయిన వెంకటేశాన్ని ఇద్దరు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెడుతున్నారు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. అనురాధ ఆయన వేలు పట్టి సూది గుచ్చింది. యాభై రెండు. చక్కెర నీళ్లు తాగించింది. పావుగంటకు ఆయన మాట తిరిగింది. అప్పుడు లేచింది ఆమె కోపం.

"పొద్దుగాల రెండు వందల ఎనభై ఆరు, గిప్పుడు యాభై రెండా? గా ఫోటో ఎవలిది బాపూ?"

ఆయన గోడవైపు తిరిగాడు. తల్లి పోశవ్వ ముందుకొచ్చింది.

"ఆయనను అనకు బిడ్డా. వేలికి సూది గుచ్చితే పోగులు ఎట్ల అతుకుతడు? తెల్ల బట్టకు నెత్తురు మరకైతే సేటు మొకాన కొడుతడు. అందుకే నా వేలు గుచ్చినం. ఇద్దరం ఒక్క కూడే తింటున్నం, నెత్తురు ఎవలిదైతేంది అనుకున్న."

"నాలుగు నెల్ల సంది గిదే పనా? నువ్వు బీడీలు చుడుతలేవా? నీయి వేళ్లు కావా? నీ నెత్తురు చూసి ఆయనకు గోలీలు పెంచిండ్రు! మనిషిని సంపుకుందుమా అమ్మా?"

అరుస్తూనే డాక్టర్‌కు వీడియో కాల్ చేసింది. కృపారాణి అంతా విని, ఆ గోలీలు ఆపమంది, వెంటనే అన్నం పెట్టమంది. తర్వాత అడిగింది.

"అంటే అనురాధా, ఆ రెండు వందల ఎనభై ఆరు మీ అమ్మది కదా? ఫోన్ ఆమెకివ్వండి."

అనురాధ ఫోన్‌ను తల్లి వైపు తిప్పింది. ఆ అంకెను చూసి నాలుగు నెలలుగా తండ్రిని తిట్టింది తప్ప, అమ్మా నువ్వెట్లున్నవని ఒక్కనాడూ అడగలేదు. అమ్మకు దాహమవుతోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది అని డాక్టర్ అడుగుతుంటే తనూ తల్లి వైపే చూసింది.

"నాకేమైంది మేడం, మంచిగనే ఉన్న. ఆయన సంగతి చూడుండ్రి," అంది పోశవ్వ.

"అబద్ధం మేడం," అన్నాడు వెంకటేశం మంచం మీంచి. "ఎండకాలం సంది అరికాళ్లు మంటలంటనే ఉన్నది. మడిమకు పుండైంది. నేనే ఇనలే."

అనురాధ కింద కూర్చుని తల్లి కాలు ఒళ్లోకి తీసుకుంది. పోశవ్వ సిగ్గుతో వెనక్కి లాక్కోబోయింది.

"ఛీ, కాళ్లు పట్టకు బిడ్డా."

"నోరు మూసుకొని కూసో!" అని వెక్కుతూనే కసిరి, అనురాధ ఫోన్‌ను ఆ పుండుకు దగ్గరగా పెట్టింది.