లోపల వదిలిన గుడ్డ

పొద్దున్నే తల్లి చేసిన ఘనకార్యం, బల్ల మీద ఉన్న రెండు కప్పులూ తోమి బోర్లించడం. అవి సినిమాలో కప్పులు. నిన్న సగంలో ఆపిన సీను ఈరోజు పూర్తి చేయాలంటే టీ మరకలతో అక్కడే ఉండాల్సినవి.

"తోమొద్దని కాగితం కూడా అంటించాను కదమ్మా" అని ఆ సినిమాకి డైరెక్టరైన కొడుకు తల పట్టుకున్నాడు.

"ఎంగిలి కప్పులు కళ్ళ ముందుంటే నా చెయ్యి ఊరుకుంటుందా? సినిమా నీదైతే వంటిల్లు నాదిరా."

"దానిదేముంది ఆంటీ, మీరూ అంకులూ టీ తాగి ఇవ్వండి, మరకలు అవే పడతాయి" అని కెమెరామన్ గిన్నె పొయ్యి మీద పెట్టాడు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో అడక్కుండా తీసుకునే మనిషి.

అది చిన్న సినిమా. పనిచేసేది అయిదుగురు, సెట్టు ఈ ఇల్లే. దుస్తులు కుట్టేది ముందుగదిలో మిషనున్న తండ్రి. ఒకే గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్ళ సరదా కథ అని ఆయనకి చెప్పారు. అబద్ధం కాదు గానీ, నిజంలో సగమే.

వేసుకునేవాడు ఏం చేస్తాడో తెలియందే ఆయన కత్తెర పట్టడు. "చివరి సీన్లో హీరో చేతులు ఎత్తుతాడా, వంగుతాడా?" అని గదిలోంచే అడిగాడు.

కప్పుల గొడవలో ఉన్న కొడుకు, "కాగితాలు మిషను మీదే ఉన్నాయి, చూసుకో నాన్నా" అనేశాడు. అన్నాక గానీ ఆ కాగితాల్లో అసలు కథంతా ఉందని గుర్తురాలేదు. అప్పటికే మిషను చప్పుడు ఆగిపోయింది.

తండ్రి కాగితాలతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది మీ ఇద్దరి కథేనా?"

కెమెరామన్ చేతిలో గరిట ఆగింది. కొడుకు వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. "అవును నాన్నా. మాదే."

"మరి చివర్లో కొడుకు మొహం మీద తలుపేసేవాడెవడు? నేనా?"

కొడుకు కళ్ళు నిండాయి. "నువ్వు వేస్తావని కాదు. వేస్తే తట్టుకోవాలి కదా, అందుకని ముందే రాసి పెట్టుకున్నాను."

"రెండేళ్ళు మాకు చెప్పకుండా ఊరందరికీ చూపిద్దామనుకున్నావా?" అంది తల్లి. కోపంగానే మొదలుపెట్టింది, చివరికొచ్చేసరికి ఏడ్చేసింది.

తండ్రి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద టీ పొంగి పోయినా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన తిరిగొచ్చినప్పుడు మెడలో టేపు వేలాడుతోంది.

"నాకంతా అర్థమైందని అనను. అరగడానికి టైము పడుతుంది" అన్నాడు. కెమెరామన్ వైపు తిరిగి, "నువ్విలా రా. మావాడి చొక్కాలు నీకు భుజాల దగ్గర బిగుతు. ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను, అడగడానికే నోరు రాలేదు" అన్నాడు.

కెమెరామన్ ఒంటి మీదున్నది కొడుకు చొక్కానే. సిగ్గుతో చేతులు చాపి నిలబడ్డాడు. తండ్రి కొలతలన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు.

"కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఇద్దరూ ఎలాగూ లావవుతారు. అప్పుడు రండి, విప్పి వదులు చేసి పెడతాను."

కొడుకు మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి అతని భుజం మీద చెయ్యి వేసి, కాగితాల్లోంచి చివరి పేజీ తీసి ముందు పెట్టాడు.

"ముందు ఆ తలుపు సంగతి మార్చు. అంతవరకూ హీరోకి చొక్కా ఇవ్వను."