చేతికిచ్చిన సూది

తిత్లీ తుఫానుకు వంశధార పొంగి, పొలమేదో ఏరేదో తెలియకుండా పోయిన ఏడు అది. వరద తీసిన రెండు నెలలకు కార్తీక అమావాస్య వచ్చింది... మిట్టమధ్యాహ్నానికి ఇంకొక్క గడియ ఉంది. గాలి స్తంభించింది. సముద్రం నూనె పోసినట్టు నల్లగా నిలిచిపోయింది. మబ్బు తునకైనా లేని ఆకాశంలో భీకరంగా ఉరుము! సరుగుడు తోటలో పట్టపగలే గుడ్లగూబ మూడుసార్లు కూసింది...

తెరచాపలు కుట్టే కూర్మయ్య పాకలో అతని కూతురు గౌరి చాప మీద ఊపిరందక కొట్టుకుంటోంది.

పది రోజుల కిందట పక్కింటి పసివాడి పుట్టినరోజుకు బెలూన్లన్నీ గౌరే నోటితో ఊదింది. అందులో ఎర్రది ఒకటి మాయమైంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ సాయంత్రమే ఆమె మెడ మీద సూదిపోటు కనబడింది. నెత్తురు రాలేదు... ఆ చిల్లులోంచి సన్నగా గాలి వచ్చింది! తల్లి గున్నమ్మ వేలు పెట్టి మూస్తే వేలికి చల్లగా తగిలింది. మర్నాడు నడినెత్తిన ఇంకొకటి. ఆసుపత్రిలో సూదిమందు వేస్తే ఆ పోటులోంచీ గాలే వచ్చింది. డాక్టరు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

అది సోములు పని. సాలూరు అవతల మెట్టపల్లెల నుంచి, వరద వెనకే దిగిన చిల్లంగివాడు. సరుగుడు తోటలో గుడిసె వేసుకుని, చేతబడి చేస్తానని ఊరిని బెదిరించి బతుకుతున్నాడు. గౌరిని తనకిచ్చి చేయమని కూర్మయ్యను అడిగాడు. గౌరి బోరింగు దగ్గర పదిమందిలో నవ్వి, "నీ మొకం అద్దంలో సూసుకున్నావేటి?" అంది. ఆ నవ్వు వాడి గుండెలో కాలకూటమై కూర్చుంది.

ఆ అమావాస్య పొద్దున వాడు కబురు పంపాడు. కూర్మయ్య ఇంటికి తిండి పెట్టే సూది ఏదుందో అది పట్టుకొస్తే, పిల్లను వదిలేస్తానన్నాడు. నమ్మడానికి లేదు. నమ్మకపోతే పిల్ల దక్కదు. తాతనాటి తెరచాప సూదిని, మూడు పలకల మొన ఉన్న దాన్ని, తలపాగాలో గుచ్చుకుని కూర్మయ్య తోటలోకి నడిచాడు.

ఇసకలో కుంకుమ ముగ్గు. ముగ్గు నడుమ వరదకు కొట్టుకొచ్చిన కపాలం! దాని మీద తాడుకు వేలాడుతున్న ఎర్ర బెలూను... ముడి దగ్గర ఒక సూది, నెత్తిన ఒక సూది దిగి ఉన్నాయి. అయినా పగల్లేదు. ఆ రెండు చోట్లా రబ్బరు వదులు. కడుపు మాత్రం డప్పులా బిగిసి ఉంది. అక్కడ ముల్లు తగిలినా ఇంకేం మిగలదు.

"సూసినావా మావా, నీ గుంట ఊపిరి" అన్నాడు సోములు పళ్ళు ఇకిలించి. "సూది తే. కట్టు ఇప్పేస్తాను."

కూర్మయ్య అలవాటు కొద్దీ వంగి సూదిని ఇసక మీద పెట్టబోయాడు. ఆ తీరంలో ఎవరూ ఎవరికీ సూదిని చేతికివ్వరు. నేల మీద పెడితే ఎదుటివాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే, ఇచ్చిన ఇంటి కీడు పుచ్చుకున్నవాడికి అంటుకుంటుందని వాళ్ళ భయం. మెట్టనుంచి వచ్చినవాడికి ఇదేం తెలుసు? సోములు పొద్దు వంక చూశాడు. మిట్టమధ్యాహ్నానికి వాడు పెట్టుకున్న ముహూర్తం దాటిపోతోంది!

"కింద ఎడతావేటి ముసిలోడా? సేతికియ్యి" అని కసిరాడు.

కూర్మయ్య చెయ్యి ఆగిపోయింది. అరవై ఏళ్ళలో అతను ఎవరి చేతికీ సూది ఇవ్వలేదు.

"సేతికే ఇయ్యమంటావా?"

"ఇయ్యెహె."

"నువ్వే అడిగినావు. గంగమ్మ తల్లి ఇన్నాది" అని, సూదిని వాడి అరచేతిలో పెట్టాడు.

సోములు వికటాట్టహాసం చేశాడు. కట్టు విప్పడం కాదు, ఇంటి సూదికే ఇంటి ప్రాణం పోతుందని, దీనితోనే గౌరి ప్రాణం తీస్తానన్నాడు. బెలూను కడుపులోకి కసిగా పొడిచాడు...

పగల్లేదు!

సూది బెజ్జం దాకా దిగింది. రబ్బరు ముసలిదాని చర్మంలా ముడతలు పడింది. లోపలి ఊపిరి సన్నగా బుసకొట్టి, కూర్మయ్య చెంపను తాకుతూ పాక వైపు పోయింది. సోములు సూది పెరుక్కుని వెనక్కి తూలాడు. వాడి మొహంలో ముడతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి... చర్మం బిగిసింది. చెంపలు నిగనిగలాడాయి. వేళ్ళు ఉబ్బాయి. రెప్పలు మూతపడలేదు. ఊపిరి లోపలికే పోతోంది, బయటికి రావడం లేదు! కేక పెట్టడానికీ గాలి విడవలేక, వాడు గుండె పట్టుకోబోయాడు. ఆ చేతిలోనే ఉంది సూది. మొన ఊరికే తగిలింది, అంతే.

ఠప్...!

ఏనాడూ తోట దాకా రాని అల లేచి వచ్చింది. కపాలాన్నీ, ముగ్గునూ, నేల మీద మిగిలిన ఆ ఖాళీ తోలునూ గంగమ్మ నోట కరుచుకుపోయింది. నీళ్ళు తీశాక సూది ఒక్కటే ఇసకలో నిటారుగా నిలిచి ఉంది. కూర్మయ్య దాన్ని తీసుకుని ఇంటికి నడిచాడు.

గౌరి లేచి కూర్చుని గంజి అడుగుతోంది. మెడ మీది చిల్లులో ఎర్రగా ఒక్క నెత్తుటి చుక్క ఉబికింది. దాన్ని చూసి గున్నమ్మ ఏడ్చింది. ఏమైందని అడిగింది. కూర్మయ్య సూదిని చూరులో గుచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఒడ్డున కూర్చుని, తుఫానుకు చిరిగిన తెరచాప కుట్టాడు. గౌరి వచ్చి, తనూ ఒక అంచు కుడతానని చెయ్యి చాపింది. కూర్మయ్య ఆ చేతిని చూశాడు. సూదిని ఇసక మీద పెట్టి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.