తొక్కు... పట్టుకో... వదులు

మరిదికి పాత కార్లంటే పిచ్చి. మామూలు పిచ్చి కాదు, ఎవరింటికెళ్ళినా మనుషుల్ని పలకరించకుండా ముందు వాళ్ళ బండి కిందకి దూరి చూసే రకం.

వాళ్ళన్నకీ ఇదే రోగం. షెడ్‌లో ఉన్న గుండ్రటి లైట్ల ముసలి కారు అన్నదే. దాన్ని తుడుస్తూ, తిడుతూ, బాగుచేస్తూ సగం జీవితం గడిపేశాడు. చివరికి దాని స్టీరింగ్ మీదే తల వాల్చేసి పోయాడు.

"నాకిచ్చెయ్ వదినా" అని మరిది ఒకటే గోల.

వదిన తేల్చేసింది. "సాయంత్రం తుక్కువాడొస్తాడు. ఈలోపు బ్రేకులు పడితే బండి నీది, లేదంటే వాడిది. నా కళ్ళముందు మాత్రం ఉండకూడదు."

"అంత కోపమేంటి దాని మీద?"

"సవతి మీద ప్రేముంటుందా?"

బ్రేకు పైపుల్లో గాలి చేరితే ఒక్కడి వల్ల కాదు. పైన ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, కింద ఒకరు నట్టు వదులు చేసి గాలి పోనిచ్చి మళ్ళీ బిగించాలి. వదిన మొహం ముడుచుకునే సీట్లో కూర్చుంది. మనోడు కిందకి దూరాడు. చీకటి. మట్టి వాసన, ఆయిల్ కంపు. పైన రేకుల మీద వాన దంచుతోంది.

"తొక్కు!"

"తొక్కా."

"పట్టుకో!"

"పట్టా."

బుడబుడమని గాలి. నట్టు బిగించాడు.

"వదులు!"

"వదిలా."

ఒక చక్రం అయింది. ఇంకోటి. వదిన గొంతు తగ్గిపోతూ వచ్చింది... గుసగుసలా.

"ఏంటొదినా, గొంతు పూడిపోయిందా?"

జవాబుగా పెడల్ కిందకి దిగింది. కానీ తొక్కుడు మారింది. కుదుపు లేదు, తడబాటు లేదు. చేయి తిరిగినోడి తొక్కుడు.

అప్పుడు కనిపించాయి... గేటు వైపు నుంచి నడిచొస్తున్న పాదాలు. తడిసిన చెప్పులు. వదినవి.

"చిన్నోడా, తుక్కువాడొచ్చాడు. మొదటి చక్రం అవ్వగానే వాడి కేక విని దిగెళ్ళా, ఇంతసేపూ గేటు దగ్గరే ఉన్నా. ఎవరితో రా మాటలు?"

పైన పెడల్ ఇంకా నొక్కే ఉంది.

వాడు గొణిగాడు. "వ... వదులు..."

నెత్తి మీద నుంచి అన్న గొంతు. నెమ్మదిగా.

"నువ్వు వదులు."

వీపు గీరుకుపోతున్నా పట్టించుకోకుండా బయటికి పాకాడు. సీటు ఖాళీ. పెడల్ మాత్రం అడుగుకంటా అణిగి ఉంది.

"వదినా... అన్న మాట్లాడాడు! నాకొద్దీ బండి, తుక్కువాడికిచ్చెయ్!"

వదిన అరవలేదు. భయపడలేదు. మొహం మాడిపోయింది, అంతే.

"నీతో మాట్లాడాడా?"

వాడు తలూపాడు.

"పోయినప్పట్నుంచి రోజూ వచ్చి పక్క సీట్లో కూర్చుంటున్నా రా. ఏడ్చా. తిట్టా. బతిమాలా. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు."

తెరిచున్న కిటికీ దగ్గరికి వంగింది.

"ఏవండీ..."

వాన చప్పుడు.

"ఏవండీ... నేను."

లోపల, అద్దం తిప్పే హ్యాండిల్ కదిలింది. కిర్... కిర్... ఆమె మొహం ముందు అద్దం నెమ్మదిగా పైకి లేచింది. పైదాకా.

టక్‌మని లోపల్నుంచి లాక్ పడింది.