మోత లేని కంటైనర్

"పోనివ్వు వెంకన్నా," తొందరపెడుతోంది లోవలక్ష్మి.

జీపు రావులపాలెం అరటి మార్కెట్ ముందు, గెలల లారీల మధ్య నుంచి దూసుకుపోతోంది. మిట్టమధ్యాహ్నం. ఎండ మాడ్చేస్తోంది.

ముందు తెల్ల కంటైనర్... జొన్నాడ బ్రిడ్జి ఎక్కేస్తోంది!

ఆన్‌లైన్ బిల్లులో ఉన్నది ఐసు రొయ్యలు. భీమవరం నుంచి కాకినాడ పోర్టుకి. కానీ ఇందాక జీపు పక్కనుంచి పోయినప్పుడు కంటైనర్‌ని చల్లబరిచే మిషన్ మోత లేదు. అడుగున ఒక్క నీటి చుక్క లేదు.

భీమవరంలో పుట్టి పెరిగిన లోవలక్ష్మికి ఆమాత్రం తెలియదా? ఈ ఎండలో మిషన్ ఆపి రొయ్యలు మోసుకెళ్ళే వెర్రివాడు ఎవడూ లేడు.

లోపల రొయ్యలే లేవు!

ఉత్తుత్తి ఎగుమతి. సరుకు విదేశాలకు పంపామని కాగితం చూపించి ప్రభుత్వం దగ్గర పన్ను వాపసు కొట్టేయడం. బిల్లు చూసేది ఆమె పనిచేసే స్టేట్ ట్యాక్స్ ఆఫీసు. పోర్టులో సీలు చూసేది కస్టమ్స్. ఇన్నాళ్ళూ ఒకరి కాగితం ఒకరు చూడలేదు. దొంగలు హాయిగా బతికారు. అందుకే ఇప్పుడు జాయింట్ ఆపరేషన్ పెట్టారు. ఏ బండి ఆపినా ముందు రెండో ఆఫీసుకి చెప్పి తీరాలి.

"ఉదయ్ గారికో ఫోన్ కొట్టండి మేడమ్. రూలు కదండీ," అంటాడు జీపు నడుపుతున్న వెంకన్న.

ఉదయ్‌కుమార్! కస్టమ్స్ సూపరింటెండెంట్. రాజమండ్రి కోచింగ్ సెంటర్లో ఆమె నోట్సు చదివి పాసైనవాడు. పోయిన నెల ఇద్దరూ కలిసి పట్టిన కేసుకి పేపర్లో అతని ఫొటో నిండుగా పడింది. పక్కన ఈవిడ భుజం ఒక్కటే!

అసూయే. కాదని ఎవరన్నారు?

పొద్దుట్నుంచి అతను నాలుగుసార్లు ఫోన్ చేశాడు. కావాలనే ఎత్తలేదు.

"ముందు బండి ఆపు. ఈసారి నేనే పట్టుకుంటాను."

కీచుమని బ్రేకులు! జీపు అడ్డం తిరుగుతుంది. కంటైనర్ ఆగుతుంది. దాని వెనకే ఓ నల్ల బైకు కూడా...

కంటైనర్ డ్రైవర్ దిగుతాడు. పేరు సత్తియ్య. నలభై ఏళ్ళుంటాయి. కాగితాలు అందిస్తూ, తల వంచుకునే గొణుగుతాడు.

"నేను ఉదయ్ గారి మనిషినండి. మీకు చెప్తానన్నారే... ఓనరు మండపేట గోడౌన్‌లో ఉన్నాడు. సార్ అక్కడ కాపు కాశారు. ఆ బైకు మీదోడు ఓనరు మనిషి, నన్నే కనిపెడుతున్నాడండి. పైకి నాలుగు తిట్టి వదిలేయండమ్మా."

ఆమె చేతిలో సీలు తెంచే కట్టర్ ఉంది.

వదిలేస్తే? ఓనరు ఉదయ్‌కి దొరుకుతాడు. కేసు ఉదయ్‌ది. ఫొటో కూడా ఉదయ్‌దే!

తెంచితే ఖాళీ కంటైనర్ తనది. తన కేసు.

మరి సత్తియ్య?

ఆలోచిస్తుంది. ఒక్క నిమిషం...

సత్తియ్య మెడ మీద చెమట కారుతోంది. బైకువాడు హెల్మెట్ అద్దం పైకెత్తి చూస్తున్నాడు. ఆఫీసరు తిట్టదు, డ్రైవరు కదలడు. ఏంటి సంగతి?

ఛీ! తన మీద తనకే సిగ్గేస్తుంది లోవలక్ష్మికి. కాగితాలు సత్తియ్య గుండెకేసి కొట్టి గట్టిగా అరుస్తుంది.

"బిల్లు మీద డేటు వేయించుకోవడం కూడా రాదా నీకు? పో, తియ్యి బండి."

సత్తియ్యకి ప్రాణం లేచొస్తుంది. దండం పెట్టి క్యాబిన్ మెట్టెక్కుతాడు.

ఢాం!

వీపులో తూటాతో సత్తియ్య మెట్టు మీంచి జారి ఆమె కాళ్ళ దగ్గర పడతాడు. బైకు అప్పటికే గిర్రున వెనక్కి తిరిగింది.

వదిలేయడానికి ఆమెకి ఒక్క నిమిషం పట్టింది. బైకువాడికి అదే సరిపోయింది.