పదిహేడో పేరు

"మన లిస్టు ఒక ముఠా చేతికి చిక్కింది," అన్నాడు చీఫ్. "శత్రుదేశంలో పనిచేస్తున్న మనవాళ్ళు నలభై మంది. పేర్లు, ఫోటోలు, అడ్రసులు అన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి."

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ను ఆఫీసులో అందరూ 'గురి' అంటారు. పిస్తోలు పట్టాడంటే గురి తప్పదు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాత్రం ముచ్చెమటలు పోస్తాయి.

"పదిహేడో పేరు మీ అక్కది."

అమ్మ పోయాక గురిని పెంచి పెద్దచేసింది అక్కే. రెండేళ్ళుగా అక్కడి మిలటరీ హాస్పిటల్లో నర్సు వేషంలో ఉంది.

"ఇవాళ పదకొండున్నరకు దాన్ని శత్రుదేశం సర్వర్‌కు అప్‌లోడ్ చెయ్యడం మొదలుపెడతారు. పావుగంట పని. చివరి ముక్క చేరేదాకా ఆ ఫైలు తెరుచుకోదు. ఆలోగా ఆపెయ్యాలి. ముఠా ఆఫీసులో 'లిప్‌స్టిక్' అనే మన మనిషి ఉంది. నీ బ్యాచే కదా!"

బ్యాచే. కంప్యూటర్ బేసిక్స్ మొదటి క్లాసు ఎగ్గొట్టి ఇద్దరూ షూటింగ్ రేంజికి చెక్కేశారు. ఆ క్లాసు చెప్పిన టీచరమ్మే ఈరోజు ఇయర్‌పీస్‌లో గురికి దిక్కు. అతని చొక్కా గుండీలో దాచిన కెమెరా చూసేదంతా ఆవిడకు కనిపిస్తుంది.

లిఫ్టు పాడై, ముఠా ఆఫీసుకు తొమ్మిది అంతస్తులు ఎక్కేసరికి పదకొండూ నలభై. బయట ట్రావెల్ ఏజెన్సీ బోర్డు. గురిది ప్రింటర్ మెకానిక్ వేషం, చేతిలో మత్తుపొడి నింపిన టోనర్ డబ్బా. తనిఖీలో దొరుకుతుందని పిస్తోలు తేలేదు. రిసెప్షన్‌లో మెరిసిపోతూ లిప్‌స్టిక్ కూర్చుంది.

"టోనర్ అయిపోయిందన్నారు?"

"నలుపొక్కటే అయిపోయింది."

కోడ్ కలిసింది. ఆమె కళ్ళతోనే చివరి గది చూపించింది.

గదిలో ఉన్న ఆపరేటర్‌ను గురి ఒక్క గుద్దుతో పడుకోబెట్టాడు. స్క్రీన్ మీద ఎనభై రెండు శాతం. ఎనభై మూడు. మౌస్ కదిపితే పాస్‌వర్డ్ అడిగింది. కీబోర్డు ఎడాపెడా బాదాడు. ఎనభై ఆరు. అక్క ముఖం కళ్ళ ముందు ఆడింది. స్క్రీన్ వెనకనున్న వైరు పట్టి లాగేశాడు. స్క్రీన్ నల్లబడింది.

"ఆపేశాను టీచరమ్మా!" దాదాపు ఏడుస్తూ అన్నాడు.

"ఏం ఆపావు, నీ మొహం! అది మానిటర్. బొమ్మ చూపించడమే దాని పని. అసలు పనంతా కింద ఉన్న సీపీయూది. లైటు ఇంకా మిణుకుమంటోంది చూడు. ఇంకో రెండు నిమిషాలే ఉంది!"

గురి కిందికి వంగబోయాడు.

"కదిలితే కాల్చేస్తా."

గుమ్మంలో లిప్‌స్టిక్. చేతిలో పిస్తోలు.

"నువ్వు... వాళ్ళ మనిషివా?"

"రెండు జీతాల మనిషిని. గోడవైపు తిరుగు."

"అందులో మా అక్క ఉందే! మనం సెలవులకు వెళ్తే నీకూ అన్నం వడ్డించిందే!"

ఆమె తడబడింది. ఒక్క క్షణమే. అంతలో నల్లటి స్క్రీన్ కంటబడింది.

"కంప్యూటర్ ఆపేశావా!"

పిస్తోలు అతని వైపే ఉంచి, టేబుల్ కిందికి వంగి, మళ్ళీ ఆన్ చేద్దామని సీపీయూ బటన్ నొక్కింది. స్క్రీన్ వెలగలేదు. పళ్ళు బిగించి, వేలు తియ్యకుండా అలాగే నొక్కిపట్టింది.

గుర్రుమంటున్న ఫ్యాను ఆగిపోయింది. లైటు ఆరిపోయింది.

ఆమె అయోమయంగా ఆ బటన్ వైపు చూసింది. గురికి ఆ క్షణం చాలు. టోనర్ డబ్బా విప్పి మత్తుపొడి మొత్తం ఆమె మొహాన కొట్టి, పిస్తోలు లాక్కున్నాడు.

"తొంభై తొమ్మిది దగ్గర ఆగింది," వాళ్ళ సర్వర్ మీద కన్నేసిన చీఫ్ గొంతు. "ఫైలు తెరుచుకోలేదు. మీ అక్క క్షేమం."

గురి నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి మొదటి పాఠం, కంప్యూటర్ భాగాలు," అంది టీచరమ్మ. "ముందు బెంచీలో కూర్చో. ఆవిణ్ణి కూడా తీసుకురా, సంకెళ్ళు తియ్యకుండా."